మెట్రిక్ రెండుసార్లు తప్పాడు.. మీ బయాలజీ పుస్తకం నిండా ఉన్నాడు!

పిడుగురాళ్లలో బట్టీ అనే మాటకి రెండర్థాలు. ఒకటి ఊరి చుట్టూ తెల్లటి దుమ్ము రేపే సున్నపు బట్టీ. రెండోది బైపీసీ పుస్తకాన్ని మీరు పట్టే బట్టీ. మొదటిదాంట్లో రాయి వేస్తే సున్నమైనా వస్తుంది. రెండోదాంట్లో ఎంత వేసినా పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి బూడిదే మిగులుతుంది. నీట్ ఒకసారి రాసి, గుంటూరులోనో విజయవాడలోనో లాంగ్ టర్మ్‌లో కూర్చున్నవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క నిమిషం ఆ మొదటి బట్టీ దగ్గరే ఆగండి. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి అది కాల్షియం ఆక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ సున్నం మీద నీళ్లు పోస్తే సలసలా కాగుతుంది. అది వేడిని వదిలే చర్య. తేటపడిన సున్నపు నీళ్లలోకి స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడతాయి. ఎందుకని? మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ అందులోని కాల్షియంతో కలిసి మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా మారింది కాబట్టి. బట్టీలో విడిపోయిన జంట మీ ఊపిరితో మళ్లీ కలిసిందన్నమాట. ఒకే రాయిలో కెమిస్ట్రీ పాఠం ఉంది, శ్వాసక్రియ పాఠమూ ఉంది. ఇలా ముడిపడిన విషయం మర్చిపోదామన్నా మర్చిపోలేరు.

పాఠాన్ని ప్రశ్నగా మార్చుకుని, ఒక ప్రశ్నని ఇంకో ప్రశ్నకి ముడివేసుకుంటూ జీవితమంతా గడిపిన తెలుగాయన ఒకరున్నారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మీకు తెలిసే ఉంటుంది. జీకే ప్రశ్నలో ఒక ఆప్షన్‌గా చూసే ఉంటారు. కానీ మీరు రేపు రాయబోయే పరీక్షలో ఆయన పని ఎన్ని ప్రశ్నల వెనక దాగి ఉందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఈ వారం ఆయన జీవితాన్ని చదువుకుంటూ, దారిలో తగిలే కాన్సెప్టులన్నీ ఒకసారి రివిజన్ చేసుకుందాం.

అరటిపళ్లు అమ్ముదామనుకున్న పిల్లాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. ఏడుగురు సంతానంలో నాలుగోవాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇల్లు గడవడం కష్టం. భారమంతా తల్లి వెంకమ్మ మీద పడింది.

పిల్లాడికి చదువు మీద ధ్యాస లేదు. పదమూడో ఏట కాశీకి పారిపోబోయాడు. సన్యాసం కోసం అనుకునేరు! యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బోలెడు డబ్బు సంపాదిద్దామని. తల్లి వెంటపడి మధ్యదారిలోనే పట్టుకొచ్చి, మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివించింది. మెట్రిక్ తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఈలోగా తండ్రి పోయాడు. నగలు అమ్మి మరీ ఆ తల్లి కొడుకుని మద్రాసు పంపింది. తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు.

ఇక్కడ కాస్త ఆగండి. మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్క ఒకటి నడుస్తూ ఉండొచ్చు. మిర్చి ధర బాగుంటే లాంగ్ టర్మ్ ఫీజు కట్టేద్దాం, లేదంటే డిగ్రీలో చేరుదువుగానిలే అని నాన్న అని ఉండొచ్చు. అమ్మ మెడలో గొలుసు కనిపించకపోయినా మీరు అడగకుండా ఊరుకుని ఉండొచ్చు. ఆ బరువు ఎలా ఉంటుందో సుబ్బారావుకి తెలుసు. రెండుసార్లు తప్పినందుకు ఆయన గొప్పవాడు కాలేదు. ఫెయిలవడంలో గొప్పేమీ లేదు. మూడోసారి చదివిన తీరు వేరు, అంతే. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్‌కి వచ్చేసరికి ఆ కుర్రాడు తనంతట తాను పుస్తకం తెరిచేవాడయ్యాడు.

ఆ రోజుల్లో మనసు రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. మఠం పెద్దలు వైద్యం చదవమని, సేవ అలాగైనా చేయొచ్చని దారి చూపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకి సాయం చేసిన అనపర్తి కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి శేషగిరితో 1919లో పెళ్లయింది.

ఖద్దరు గౌను ఖరీదు

అవి గాంధీజీ విదేశీ వస్త్రాలు మానమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కి ఖద్దరుతో కుట్టిన గౌను వేసుకెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌గా ఉన్న తెల్లదొరకి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్.

దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం దారి మూసుకుపోయింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పనిలో చేరారు. దీని వెనక ఇంకో కథ ఉంది. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. అదే జబ్బు ఆయనకీ వచ్చింది. అల్లోపతితో తగ్గలేదు. లక్ష్మీపతి గారి మందుతో కోలుకున్నారు.

ఈ స్ప్రూ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. డాక్టరు చదువు చదివి కూడా సొంత తోబుట్టువులను కాపాడుకోలేకపోయాను, ఎందుకు? ఈ ప్రశ్నని ఆయన వెంటబెట్టుకుని వెళ్లారు.

బోస్టన్‌లో నైట్ డ్యూటీ

కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ చారిటీస్, మామగారు కలిసి డబ్బు సర్దారు. 1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్‌లో ఓడ దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటైతే ఉంది, స్కాలర్‌షిప్ లేదు. మద్రాసు ఎల్.ఎం.ఎస్.తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలూ లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు క్లాసు, రాత్రి ఆ పని.

డిప్లొమా అయ్యాక చాలామంది ఇంటికి వెళ్లిపోతారు. ఆయన బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. అక్కడ ఎదురైన ప్రశ్న చూడ్డానికి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కచ్చితంగా కొలవడం ఎలా?

మీకు ఫాస్ఫరస్ అంటే డీఏపీ బస్తా గుర్తొస్తుంది. పత్తికీ మిర్చికీ నాన్న వేసేదే. మొక్కకి అదెందుకు కావాలో మనిషికీ అందుకే కావాలి. ఎముకలో, కణత్వచంలో, డీఎన్‌ఏ వెన్నెముకలో, ప్రతి కణం ఖర్చుపెట్టే శక్తిలో ఫాస్ఫేటు ఉంటుంది. దాన్ని కొలవలేకపోతే శరీరం లెక్క తేలదు.

ఫిస్కే, సుబ్బారావు 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. నమూనాకి ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేటు దాన్ని పట్టుకుంటుంది. దానికి క్షయకరణం చేసే పదార్థం చేరిస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. రంగుని కొలిస్తే పరిమాణం తెలిసిపోతుంది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా పాకింది. ఎం.ఎల్.టి., బయోకెమిస్ట్రీ, ఫార్మసీ చదివేవాళ్లు కలరీమీటర్ ముందు నిలబడినప్పుడు ఈ పేరు తలుచుకోండి.

రివిజన్: రంగు గాఢత పదార్థం గాఢతకి అనులోమానుపాతంలో ఉంటుందన్నది బీర్–లాంబర్ట్ నియమం. ఫాస్ఫేటు బఫర్‌గా ఏం చేస్తుంది? ఎలక్ట్రాన్లు పొందడం ఆక్సీకరణమా, క్షయకరణమా? ఈ ఒక్క నీలి రంగు నుంచి మూడు చాప్టర్లకి దారులున్నాయి. పుస్తకం మూసి సమాధానాలు చెప్పుకోండి.

కండరం ఖర్చుపెట్టేది ఏమిటి?

కొలిచే సాధనం చేతికొచ్చాక, అప్పటిదాకా కనపడనిది కనపడటం మొదలైంది. అప్పటికి శాస్త్రలోకం ఒక మాట నమ్ముతోంది. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లం అని. కండరాల మీద చేసిన పనికి ఏ.వి.హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ బహుమతి వచ్చింది కూడా.

ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే లెక్క తేడాగా వస్తోంది. పొరపాటేమో అని వదిలేయలేదు. తవ్వితే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. అది 1927. కండరం పనిచేసేటప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ నిండుతుంది. రెండేళ్లకి, 1929లో, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ని కండరం నుంచి వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే పని చేశారు. కొన్నేళ్లలోనే లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం పక్కకి తప్పుకుంది.

ఏటీపీ అంటే కణానికి శక్తి నగదు అని మీరు వందసార్లు రాసుంటారు. ఈసారి కబడ్డీ కోర్టు ఊహించుకోండి. మీ స్నేహితుడు రెయిడ్‌కి వెళ్లాడు. కాలు కదిపిన మొదటి క్షణాల్లో కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ ఖర్చవుతుంది. అది జేబులో చిల్లర, వెంటనే అయిపోతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటుని ఏడీపీకి ఇచ్చి మళ్లీ ఏటీపీ చేస్తుంది. పక్కింటి చేబదులు లాంటిది, మరికొన్ని సెకన్లు నడిపిస్తుంది. కూత ఇంకా సాగితే గ్లైకాలిసిస్ అందుకుంటుంది. ఒక గ్లూకోజ్‌కి నికరంగా రెండు ఏటీపీలు, ఆక్సిజన్ చాలకపోతే లాక్టిక్ ఆమ్లం. ఇక ఆట మొత్తం నిలబడాలంటే మైటోకాండ్రియా పనిచేయాలి. అది బ్యాంకు: ఆలస్యంగా ఇస్తుంది, ఎక్కువగా ఇస్తుంది.

నాలుగు వాక్యాల్లో కండర సంకోచం, గ్లైకాలిసిస్, కణ శ్వాసక్రియ మూడూ వచ్చేశాయి. ఇప్పుడు వాటిని విడివిడి చాప్టర్లుగా కాకుండా ఒకే రెయిడ్‌గా తెల్లకాగితం మీద గీసి చూడండి.

మూసుకున్న తలుపు.. తెరుచుకున్న కిటికీ

1930లో హార్వర్డ్ ఆయనకి పీహెచ్‌డీ ఇచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. తన పని గురించి నలుగురిలో చెప్పుకునే అలవాటు ఆయనకి లేదు. పేరు కోసం పోటీ పడలేదు. ఆ వినయాన్ని మనం మెచ్చుకోవచ్చు గానీ, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఇంకో పాఠం కూడా తీసుకోవాలి. చేసిన పనిని కాగితం మీద పెట్టండి. ప్రాజెక్టు చేస్తే రిపోర్టులో మీ వంతు ఏంటో స్పష్టంగా రాయండి. చేయని పని చేశానని చెప్పడం తప్పు. చేసిన పని చెప్పుకోకపోతే నష్టపోయేది మీరే.

1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగానికి మారారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరు. తర్వాత ఆ పరిశోధనలకి డైరెక్టరయ్యారు. పెద్ద యూనివర్సిటీ నుంచి కంపెనీకి వెళ్లడాన్ని అప్పట్లో ఒక మెట్టు దిగడంగానే చూసేవాళ్లు. జీవితంలో మిగిలింది ఇంకో ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో జరిగింది చూడండి.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరు బొంబాయిలో గర్భిణుల్లో ఒక రకం రక్తహీనతని గమనించారు. ఈస్ట్ సారంతో అది తగ్గుతోంది. అందులో ఉన్నదేమిటో తెలియదు. లెడర్లీలో సుబ్బారావు నడిపించిన బృందం ఆ పదార్థం నిర్మాణాన్ని తేల్చి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. దాన్ని వాడి చూసిన మొదటి జబ్బుల్లో స్ప్రూ ఒకటి. అవును, ఆయన అన్నదమ్ములని తీసుకెళ్లిన జబ్బే. ఆ రోగుల్లో రక్తహీనత తగ్గి, ఒంట్లో సత్తువ రావడం మొదలైంది. వాళ్లు పోయి ఇరవై ఏళ్లు దాటాక వచ్చిన జవాబు అది.

హైస్కూల్లో మీకు వారానికోసారి ఇచ్చిన నీలం రంగు మాత్ర గుర్తుందా? అందులో ఐరన్‌తో పాటు ఉండేది ఇదే ఫోలిక్ ఆమ్లం. ఊళ్లో ఆశా కార్యకర్త గర్భిణులకి ఇచ్చే మాత్రలోనూ ఉంటుంది. గర్భంలోని బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడటానికి అది అవసరం.

రెండోది ఇంకా ఆశ్చర్యం. కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలేటు కావాలి. అలాంటప్పుడు ఫోలేటులా కనపడుతూ, దాని పని చేయని అణువుని ఇస్తే? లెడర్లీలో అలాంటి అణువులు తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని లుకేమియా ఉన్న పిల్లలకి ఇచ్చారు. 1948లో ప్రచురించిన వివరాల ప్రకారం 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. శాశ్వతంగా కాదు. అయినా లుకేమియాకి మందుంటుందని అప్పటిదాకా నమ్మినవాళ్లే తక్కువ. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. నేటికీ క్యాన్సర్‌లో, కీళ్లవాతంలో వాడుతున్నారు.

రివిజన్: దొంగ తాళంచెవి తాళంలో దూరుతుంది, తిరగదు. అసలు చెవి పట్టకుండా అడ్డుపడుతుంది. ఇదే పోటీ నిరోధం. పుస్తకంలో సక్సినిక్ డీహైడ్రోజినేజ్‌కి మలోనేట్ అడ్డుపడటం చదివారుగా, అదే సూత్రం. అసలు చెవులు ఎక్కువ పోస్తే దొంగ చెవి ఓడిపోతుంది. అందుకే కేఎం పెరుగుతుంది, గరిష్ఠ వేగం మారదు. మరి మిర్చి తోటలో ఆర్గానోఫాస్ఫేట్ మందు కొట్టేటప్పుడు మాస్కు లేకపోతే చొంగ కారి, చూపు మసకబారి మనిషి పడిపోతాడే, అదేంటి? అక్కడ ఎసిటైల్‌కోలిన్ఎస్టరేజ్ అనే ఎంజైమ్‌కి మందు గట్టిగా అతుక్కుపోయి తేలిగ్గా వదలదు. నాడి సందేశం ఆగాల్సిన చోట ఆగదు. ఎంజైములు, నాడీ వ్యవస్థ రెండు చాప్టర్లూ మీ చేలోనే ఉన్నాయి. నాన్నకి మాస్కు గుర్తుచేయడం కూడా రివిజన్‌లో భాగమే.

మూడోది డైఇథైల్ కార్బమజైన్. హెట్రజాన్ పేరుతో 1947లో వచ్చింది. బోదకాలు నివారణకి మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. జబ్బుకి కారణం వుచరేరియా అనే పురుగు, మోసేది క్యూలెక్స్ దోమ. ఈ జత నీట్‌కి పాత చుట్టమే.

నాలుగోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయోటిక్. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. ఆ పని సాగింది సుబ్బారావు డైరెక్టరుగా ఉన్న విభాగంలో. 1948లో లోకానికి తెలిసింది. ఈ మందులు బ్యాక్టీరియా 30ఎస్ రైబోజోమ్‌ని పట్టుకుని ప్రోటీన్ తయారీని ఆపుతాయి. మన కణాల్లోవి 80ఎస్ రైబోజోములు కాబట్టే మందు ప్రధానంగా బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది. రైబోజోమ్ సైజులు ఎందుకు చదవాలో ఇప్పుడు తెలిసిందిగా!

లెక్కలో రాని ఖర్చు

అన్నీ మంచి మాటలే చెప్పి ముగిస్తే కథ సగమే అవుతుంది. 1922లో భార్యని అనపర్తిలో వదిలి వెళ్లిన సుబ్బారావు మళ్లీ ఇండియా రాలేదు. కొడుకు పుట్టాడు. తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో చనిపోయాడు. రెండు మూడేళ్లలో వచ్చేస్తారనుకున్న మనిషి కోసం శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. 1948 ఆగస్టులో, స్వాతంత్య్రం వచ్చి ఏడాది నిండబోతుండగా, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53.

నోబెల్ రాలేదు. దేశం ఆలస్యంగా గుర్తుచేసుకుంది. శతజయంతి సందర్భంగా 1995లో తపాలా బిళ్ల వచ్చింది.

ఆయనలా ఇల్లు మరిచి పనిచేయమని ఈ కథ చెప్పడం లేదు. ఆ ఖర్చు ఇంకొకరు కట్టారని గుర్తుంచుకోమంటోంది. మీ చదువు ఖర్చు కూడా ఇంట్లో ఎవరో కడుతున్నారు. వారానికోసారైనా ఫోన్ చేయండి.

మీ రివిజన్‌కి ఆయన దారి

ఇక అసలు పనికొద్దాం. చదివింది ఎందుకు నిలవదు? దీన్ని తన మీదే పరీక్షించుకున్న జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షరాల జాబితాలు బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో రాసుకున్నాడు. 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే అతి వేగం, తర్వాత నెమ్మదిస్తుంది. ఒకసారి నేర్చింది మళ్లీ నేర్చుకోవడానికి తక్కువ సమయం చాలు. ఒకేసారి రుద్దేకంటే రోజుల తేడాతో తిరగేస్తే ఎక్కువ నిలుస్తుంది. అంటే మర్చిపోవడం మీ తెలివితక్కువతనం కాదు, మెదడు తీరే అంత.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో విషయం చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. కానీ వారం తర్వాత, చదివి పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్లే గెలిచారు. మళ్లీ చదవడం వచ్చేసినట్టు అనిపిస్తుంది. గుర్తుచేసుకోవడం నిజంగా వచ్చేలా చేస్తుంది.

మన నీట్‌లో సైకాలజీ లేదు. 180 ప్రశ్నల్లో 90 బయాలజీ, 45 ఫిజిక్స్, 45 కెమిస్ట్రీ. అమెరికాలో మన తెలుగు పిల్లలు డాక్టరు సీటు కోసం రాసే ఎంక్యాట్‌లో మాత్రం 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీలకి ఒక పూర్తి విభాగం ఉంది, 59 ప్రశ్నలు. రోగం శరీరానిదే అయినా, రోగి మనిషి అన్న ఆలోచన దాని వెనక ఉంది. మీకు మార్కులు రాకపోయినా ఆ సబ్జెక్టుని మీ మీదే వాడుకోండి. ఈ వారం నుంచే ఇలా మొదలుపెట్టండి.

ఒకటి: ప్రతి చాప్టర్‌నీ ఒక ప్రశ్నగా మార్చండి. కండర సంకోచం అని కాదు, రెయిడర్ కాలు ఎందుకు అలసిపోతుంది అని.

రెండు: పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి. రానిదాన్ని ఎర్ర పెన్నుతో నింపండి. ఆ ఎర్రగీతలే మీ అసలు సిలబస్.

మూడు: మరునాడు, మూడో రోజు, వారానికి, నెలకి అదే కాగితం మళ్లీ ఖాళీగా మొదలుపెట్టండి.

నాలుగు: ఒక కాన్సెప్టుని ఇంకో సబ్జెక్టుకి ముడివేయండి. ఫాస్ఫేటు నుంచి ఏటీపీకి, డీఎన్‌ఏకి, ఎముకకి, డీఏపీ బస్తాకి ఎన్ని గీతలు గీయగలరో చూడండి.

అయిదు: మాక్ టెస్టులో లెక్క తేడా వస్తే సిల్లీ మిస్టేక్ అని కొట్టిపారేయకండి. ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది అలాంటి తేడాలోనే. తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి.

ఇంత చేసినా సీటు రాకపోవచ్చు. రాసినవాళ్లందరికీ సరిపడా సీట్లు లేవన్నది నిజం. అప్పుడు కూడా ఈ కాన్సెప్టులు చెత్తబుట్టలోకి పోవు. సుబ్బారావు ప్రపంచానికి ఉపయోగపడింది స్టెతస్కోప్ పట్టుకుని కాదు, టెస్ట్‌ట్యూబ్ పట్టుకుని. బీఫార్మసీ, ఎం.ఎల్.టి., బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఇవన్నీ ఆయన నడిచిన దారులే. డిగ్రీలో ఉన్నవాళ్లు జీప్యాట్, గ్యాట్–బి, సీఎస్ఐఆర్ నెట్ లాంటి పరీక్షల వైపు చూడండి. అక్కడా అడిగేవి ఏటీపీ, ఎంజైమ్, రైబోజోమ్‌లే. ఒక పరీక్ష కోసం అర్థం చేసుకున్నది పది పరీక్షలకి పనికొస్తుంది. బట్టీ పట్టింది ఆ ఒక్క పరీక్షకీ సరిపోదు.

ఈ రాత్రి పుస్తకం తెరిచే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మధ్యలో ఫాస్ఫరస్ అని రాయండి. చుట్టూ మీకు గుర్తున్నదంతా గీయండి. పావుగంట చాలు. ఎక్కడ ఆగిపోతారో, రేపటి చదువు అక్కడి నుంచి మొదలు.